పేరు నిలిచింది... మాట జారింది
చిలీలో ‘పలెస్తీనో’ ఫుట్‌బాల్ క్లబ్బు వందేళ్ళ కథ

అరబ్బీ భాషలో ‘ప’ లేదు. ఆ భాష మాత్రమే వచ్చినవారు ‘ప’ పలకాల్సిన చోట ‘బ’ పలుకుతారు. స్పానిష్‌లో ‘పైసానో’ అంటే మన ఊరివాడు, మన దేశంవాడు అని అర్థం. వందేళ్ళకు పైబడి కిందట పాలస్తీనా నుంచి దక్షిణ అమెరికాలోని చిలీకి చేరినవాళ్ళు ఒకరినొకరు ఆ మాటతో పలకరించుకోబోతే నోట ‘బైసానో’ అని వచ్చేది. ఇవాళ చిలీ రాజధాని శాంటియాగోలో ఒక ఫుట్‌బాల్ జట్టు అభిమానులు తమకు తాము పెట్టుకున్న పేరు అదే - బైసానోలు. తాతల ఉచ్చారణ దోషం మనవల చేతిలో జెండా అయింది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఆ ‘బ’ ఏ భాష నుంచి వచ్చిందో ఆ భాష ఈ మనవల్లో చాలామందికి రాదు. గ్యాలరీలో కేకలు స్పానిష్‌లో, ఇంట్లో కబుర్లు స్పానిష్‌లో. అరబ్బీ అంటే నాయనమ్మ నోట విన్న నాలుగు మాటలు, పండగనాటి వంటకాల పేర్లు.

ఆ జట్టు పేరు క్లబ్ దెపోర్తీవో పలెస్తీనో. చిలీ అగ్రశ్రేణి లీగ్‌ను రెండుసార్లు గెలిచిన ప్రొఫెషనల్ క్లబ్బు ఇది. వేరే భాష నేల మీద తరాలుగా ఉంటూ, పిల్లలకు ఇంటి మాట నేర్పే బడిని కాపాడుకుంటున్న మనకు ఈ క్లబ్బు చరిత్రలో ఆటతో పాటు ఆలోచించాల్సిన సంగతి కూడా ఉంది.

కొండలు దాటి వచ్చినవారు

పంతొమ్మిదో శతాబ్దం చివర పాలస్తీనా ఉస్మానియా తుర్కుల సామ్రాజ్యంలో భాగం. బెత్లెహేము, దాని పక్కనున్న బెయిత్ జాలా, బెయిత్ సాహూర్ ఊళ్ళ నుంచి యువకులు ఓడలెక్కడం అప్పుడే మొదలైంది. వారిలో ఎక్కువమంది క్రైస్తవులు. బతుకుతెరువు ఒక కారణం. 1908 తర్వాత క్రైస్తవ యువకులను కూడా సైన్యంలోకి పట్టుకుపోవడం మరో కారణం. మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర పడేకొద్దీ వలస పెరిగింది.

ఐరోపా రేవుల మీదుగా అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్ చేరి, అక్కడి నుంచి కంచరగాడిదల మీద ఆండీస్ పర్వతాలు దాటి చాలామంది చిలీలో అడుగుపెట్టారు. చేతిలో పెట్టుబడి లేదు, భాష రాదు. దువ్వెనలు, సూదులు, దారపు ఉండలు, పవిత్రభూమి నుంచి తెచ్చామని చెప్పే జపమాలలు తట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తర్వాత చిన్న దుకాణం, ఆ తర్వాత బట్టల వ్యాపారం. శాంటియాగోలోని పత్రొనాతో పేట వారి అంగళ్ళతో నిండింది. 1930లు వచ్చేసరికి కొన్ని కుటుంబాలు పెద్ద బట్టల మిల్లులు పెట్టే స్థాయికి ఎదిగాయి.

డబ్బు వచ్చినంత తొందరగా మర్యాద రాలేదు. చేతిలో ఉన్నది ఉస్మానియా పత్రాలు కాబట్టి చిలీ జనం వీరిని ‘తుర్కోలు’ అని పిలిచారు. ఏ ఏలుబడి నుంచి పారిపోయి వచ్చారో ఆ ఏలుబడి పేరే వారికి అంటుకుంది. ఆ పిలుపులో ఎగతాళి ఉండేది. ‘మేం తుర్కులం కాదు’ అని ఎంతమందికని చెప్పుకుంటారు? ఎక్కడ చెప్పుకుంటారు?

మైదానంలో దొరికిన జవాబు

ఆ జవాబు చిలీ దక్షిణాన ఒసోర్నో అనే పట్టణంలో దొరికింది. వేరువేరు దేశాల నుంచి వచ్చి స్థిరపడిన సమాజాల మధ్య అక్కడ ఆటల పోటీలు జరిగేవి. 1920 ఆగస్టులో అక్కడి పాలస్తీనా యువకులు సొంత జట్టు కట్టుకున్నారు. దానికి ‘పలెస్తీనో’ అని పేరు పెట్టారు. జెర్సీకి ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు రంగులు వచ్చి చేరాయి.

ఆ సంవత్సరాన్ని గమనించాలి. ఉస్మానియా సామ్రాజ్యం కూలింది. పాలస్తీనా బ్రిటిష్ వారి చేతిలోకి పోయింది. అయిదేళ్ళకు, 1925లో, బ్రిటిష్ ప్రభుత్వం పాలస్తీనా పౌరసత్వ చట్టం తెచ్చింది. అంతకుముందే లాటిన్ అమెరికాకు వలసపోయినవారిలో చాలామంది ఆ పౌరసత్వం కోసం పెట్టుకున్న దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. పుట్టిన ఊరికి తిరిగి వెళ్ళి ఉండే హక్కు అలా చేజారింది. కాగితం మీద దక్కని ఆ పేరు అప్పటికే ఒక ఫుట్‌బాల్ జట్టు పేరుగా ఉంది.

సొంత జట్టు పెట్టుకున్న మొదటి వలస సమాజం వీరిది కాదు. స్పెయిన్ నుంచి వచ్చినవారి యూనియన్ ఎస్పన్యోలా తన పుట్టుకను 1897 నుంచి లెక్కిస్తుంది. ఇటలీవారు 1910లో పెట్టుకున్న అవుడాక్స్ ఇతాలియానో మొదట సైకిల్ తొక్కేవారి సంఘం. ఈ మూడు క్లబ్బులనూ చిలీలో ‘కొలోనియా’ జట్లు, అంటే వలస సమాజాల జట్లు అంటారు. పుట్టిన దేశంలో ఏం జరిగినా ఆ సెగ ఈ జట్లకు తగులుతూనే ఉంటుంది. స్పెయిన్ అంతర్యుద్ధం కారణంగా 1939లో యూనియన్ ఎస్పన్యోలా ఆ ఏడాది ఆటే మానుకుంది.

కోటీశ్వరుల జట్టు

పలెస్తీనో చాలాకాలం ఔత్సాహిక జట్టుగానే ఉంది. 1952లో చిలీలో రెండో శ్రేణి లీగ్ కొత్తగా మొదలైనప్పుడు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. మొదటి ఏడాదే ఆ లీగ్ గెలిచి పై శ్రేణికి ఎక్కింది. మరో మూడేళ్ళకు, 1955లో, దేశ ఛాంపియన్ అయింది.

దీని వెనుక బట్టల వ్యాపారంలో సంపాదించిన డబ్బుంది. అర్జెంటీనా నుంచి పేరున్న ఆటగాళ్ళను తెచ్చారు. వారిలో రోబెర్తో కోల్ అనే మిడ్‌ఫీల్డర్ ఆటను పాతతరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. పత్రికలు ఆ జట్టును ‘కోటీశ్వరులు’ అని పిలిచాయి. మూటలమ్ముకునే తుర్కోలు అన్న నోళ్ళే ఇప్పుడు కోటీశ్వరులు అంటున్నాయి.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రొఫెషనల్ జట్టు అయ్యాక మైదానంలో దిగినవారిలో ఎక్కువమంది పాలస్తీనా మూలాలవారు కారు. నేటికీ కారు. చిలీవారు, అర్జెంటీనావారు, ఇంకా ఎందరో ఆ జెర్సీ వేసుకున్నారు. ‘మన వాళ్ళే ఆడాలి’ అని గిరి గీసుకుని కూర్చుంటే ఈ క్లబ్బు ఒసోర్నో పోటీలతోనే ఆగిపోయేది. తమ పేరును ఇతరుల చేత కూడా మోయించగలిగింది కాబట్టే బతికింది.

44 మ్యాచ్‌లు ఓటమి లేకుండా

వైభవం ఒక్కటే కాదు, పతనాలూ ఉన్నాయి. 1970లో జట్టు కింది శ్రేణికి జారింది. 1972లో ఆ శ్రేణిని గెలిచి తిరిగి వచ్చింది. 1975లోనూ 1977లోనూ చిలీ కప్ గెలిచింది. ఆ తర్వాత వచ్చింది క్లబ్బు చరిత్రలోకెల్లా గొప్ప జట్టు.

దాని వెన్నెముక ఎలియాస్ ఫిగెరోవా. చిలీ కన్న గొప్ప డిఫెండర్. 1974, 1975, 1976 - వరసగా మూడేళ్ళు దక్షిణ అమెరికా ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు. బ్రెజిల్‌లో పేరు తెచ్చుకుని, స్వదేశానికి తిరిగివచ్చి పలెస్తీనోలో చేరాడు. ముందు వరసలో ఆస్కర్ ఫాబియానీ. 1976, 1977, 1978 - మూడు సీజన్లలోనూ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనివే. అర్జెంటీనాలో పుట్టిన ఫాబియానీ తర్వాత చిలీ జాతీయ జట్టుకు ఆడి 1979 కోపా అమెరికాలో అత్యధిక గోల్స్ చేసినవారిలో ఒకడయ్యాడు.

కౌపోలికాన్ పెన్యా శిక్షణలో ఈ జట్టు 1977 నుంచి 1978 వరకు వరసగా 44 లీగ్ మ్యాచ్‌లలో ఓడిపోలేదు. చిలీ ఫుట్‌బాల్‌లో అది రికార్డు. 1978లో రెండోసారి దేశ ఛాంపియన్ అయింది. 1979లో ఖండం మొత్తానికీ పెద్దదైన కోపా లిబెర్తదోరెస్‌లో సెమీఫైనల్ దశ దాకా వెళ్ళింది.

తర్వాతి దశాబ్దాలు అంత తియ్యనివి కావు. 1988లో మళ్ళీ కింది శ్రేణికి పడి, మరుసటి ఏడాదికే లేచింది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ సిటీని ఛాంపియన్‌గా నిలిపిన కోచ్ మాన్యువెల్ పెలెగ్రీని తన తొలి రోజుల్లో శిక్షణ ఇచ్చిన జట్లలో పలెస్తీనో ఒకటి. శాంటియాగో దక్షిణాన లా సిస్తెర్నాలోని మునిసిపల్ స్టేడియం దీని సొంతగడ్డ. అది పెద్ద మైదానం కాదు. కోలో-కోలో వంటి క్లబ్బుల వెనుక లక్షల్లో అభిమానులుంటే, వీరి గ్యాలరీ ఒక పెద్ద కుటుంబం పెళ్ళి పందిరిలా ఉంటుంది.

చిత్రమేమంటే ఈ చిన్న క్లబ్బుకు అభిమానులు వేల మైళ్ళ అవతల కూడా ఉన్నారు. జెర్సీ మీద చాలా ఏళ్ళు బ్యాంక్ ఆఫ్ పాలస్తీన్ పేరు కనిపించింది. 2015లో ఉరుగ్వేకు చెందిన నసియోనాల్‌ను ఓడించి, 36 ఏళ్ళ తర్వాత లిబెర్తదోరెస్ ప్రధాన పోటీల్లోకి అడుగుపెట్టినప్పుడు వెస్ట్ బ్యాంక్‌లో కూడా టీవీల ముందు జనం కూర్చున్నారు. 2016 చివర జట్టు స్వయంగా అక్కడికి వెళ్ళి స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది.

అంకె ఒకటి మీద గొడవ

2014 జనవరిలో ఈ క్లబ్బు పేరు ప్రపంచ పత్రికల్లోకి ఎక్కింది. కారణం గోల్ కాదు, అంకె. జెర్సీ వెనుక ‘1’ అంకె స్థానంలో 1948కి ముందున్న పాలస్తీనా పటాన్ని నిలువుగా ముద్రించారు. నంబరు 11 వేసుకున్న ఆటగాడి వీపు మీద రెండు పటాలు!

ఆ పటంలో ఇజ్రాయెల్‌కు చోటు లేదని చిలీలోని యూదు సమాజం తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. ఒక ప్రత్యర్థి క్లబ్బు అధ్యక్షుడు ఫిర్యాదు చేశాడు. ఫుట్‌బాల్‌లోకి రాజకీయం తేరాదంటూ లీగ్ నిర్వాహకులు జరిమానా వేసి, ఆ అంకెను నిషేధించారు. అది తమ పూర్వీకులు వదిలివచ్చిన నేల రూపమని క్లబ్బు పక్షం వాదన. జరిమానా సుమారు 1,300 డాలర్లు. ఈలోగా ఆ జెర్సీల కోసం జనం ఎగబడ్డారు.

ఎవరి వాదనలో ఎంత న్యాయముందో పెద్దలు వేరుగా చర్చించుకోవచ్చు. ఒక గుర్తు ఒకరికి ఇల్లూ మరొకరికి గాయమూ కాగలదని పిల్లలకు చెప్పడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

ఆ తర్వాత కూడా అక్కడి యుద్ధాల సెగ ఈ మైదానాన్ని తాకుతూనే ఉంది. 2021 మేలో జట్టు పాలస్తీనా రుమాళ్ళు భుజాన వేసుకుని మైదానంలోకి వచ్చింది. 2024లో ఒక మ్యాచ్‌కు ముందు ఆటగాళ్ళు పక్కన పిల్లలెవరూ లేకుండానే, చెయ్యి పట్టి నడిపిస్తున్నట్టు చేతులు చాచి నడిచారు. మామూలుగా ఆటగాళ్ళు చిన్నారుల చేయి పట్టుకుని రావడం ఫుట్‌బాల్‌లో ఆచారం. ఆ ఖాళీ చేతులు ఏం చెబుతున్నాయో ఎవరూ వివరించనక్కర లేకపోయింది.

2018లో మాత్రం అచ్చంగా ఆట సంబరమే. పలెస్తీనో మూడోసారి చిలీ కప్ గెలిచింది. నలభై ఏళ్ళలో అదే మొదటి పెద్ద ట్రోఫీ. ఫైనల్లో ఎదురు నిలిచింది ఎవరు? ఇటలీవారు పెట్టుకున్న అవుడాక్స్ ఇతాలియానో. ఒకప్పుడు పరాయివాళ్ళనిపించుకున్న రెండు సమాజాలు పెట్టిన జట్లు చిలీ కప్ కోసం తలపడ్డాయి.

మరి మాట ఎక్కడ పోయింది?

చిలీలో పాలస్తీనా మూలాలవారు నాలుగు నుంచి అయిదు లక్షల దాకా ఉంటారని అంచనా. అరబ్బు దేశాల వెలుపల ఇంతమంది మరెక్కడా లేరంటారు. మంత్రులు, సెనేటర్లు, బ్యాంకర్లు, ప్రొఫెసర్లు - అన్ని రంగాల్లోనూ ఉన్నారు. అయినా అరబ్బీ ధారాళంగా మాట్లాడేవారు అందులో కొద్దిమందే.

ఎవరో నిషేధిస్తే పోయిన భాష కాదది. మొదటి తరం అరబ్బీ పత్రికలు నడిపింది. ‘అల్ ముర్షిద్’ 1912లోనే శాంటియాగోలో వెలువడింది. ఆ తరువాత సమాజం పత్రికలు మెల్లగా స్పానిష్‌లోకి మారాయి, ఎందుకంటే చదివేవారు స్పానిష్‌లోకి మారారు. పేర్లు కూడా మారాయి. హన్నా హువాన్ అయ్యాడు, యూసుఫ్ హోసే అయ్యాడు. ‘తుర్కో’ అని బిడ్డను వెక్కిరిస్తారన్న భయంతో తల్లిదండ్రులు బయట అరబ్బీ మాట్లాడటం తగ్గించారు. ఆ తర్వాత ఇంట్లోనూ తగ్గింది. పిల్లలు స్పానిష్ బడికి వెళ్ళారు, తొందరగా పైకి వచ్చారు. ఇతర కుటుంబాలతో వియ్యాలు జరిగాయి. శాంటియాగోలో అరబ్బు పాఠశాల వచ్చింది, చిలీ విశ్వవిద్యాలయంలో అరబ్బు అధ్యయన కేంద్రం వచ్చింది. కానీ అవి వచ్చేనాటికి అరబ్బీ చాలా ఇళ్ళలో పుస్తకం పెట్టి నేర్చుకోవాల్సిన భాష అయిపోయింది.

ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండే వంట మిగిలింది. పెళ్ళిలో వేసే ‘దబ్‌కె’ నాట్యం మిగిలింది. ఇంటిపేరు మిగిలింది. క్లబ్బు మిగిలింది. జారిపోయింది మాట ఒక్కటే.

2000ల తొలి ఏళ్ళలో దీనికి ఒక నిదర్శనం కనబడింది. 1998లో ఫిఫా గుర్తింపు పొందిన పాలస్తీనా జాతీయ జట్టు ఆటగాళ్ళ కోసం వెతుకుతూ చిలీ వైపు చూసింది. పలెస్తీనో డిఫెండర్ రొబెర్తో బిషారాతో పాటు మరికొందరు చిలీ కుర్రాళ్ళు వెళ్ళి తాతల దేశానికి ఆడారు. రక్తసంబంధం ఉంది, రంగులు ఒకటే, గుండెల్లో అభిమానం ఉంది. పెరిగిన భాష మాత్రం స్పానిష్.

దీన్ని బట్టి పలెస్తీనో విఫలమైందని అనలేం. ఒక క్లబ్బు చేయగల పని అది నూటికి నూరుపాళ్ళు చేసింది. మేమెవరం అన్న ప్రశ్నను నాలుగు తరాల పిల్లల చేత అడిగించింది. పేరు చెరిగిపోకుండా కాపాడింది. వారానికో రోజు అందరినీ ఒకచోట చేర్చింది. కానీ తొంభై నిమిషాల ఆట మాట నేర్పలేదు. దానికి పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఎవరో ఒకరు బిడ్డతో ఆ భాషలో మాట్లాడాలి, తర్వాత ఒక పంతులమ్మ దాన్ని పలక మీద దిద్దించాలి. ఉత్సవం చేసుకోవడం తేలిక, రోజూ మాట్లాడటం కష్టం. చిలీ బైసానోలు మొదటిదాన్ని కాపాడుకున్నారు. రెండోదాని కోసం ఇప్పుడు వారిలో కొందరు పెద్ద వయసులో అరబ్బీ అక్షరాలు దిద్దుతున్నారు.

మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఫిగెరోవా గురించీ, ఆ 44 మ్యాచ్‌ల గురించీ ఉత్సాహంగా చెప్పండి. చివర్లో ఆ ‘బ’ గురించి కూడా చెప్పండి. ఆ తాతలకు ‘ప’ పలకడం రాలేదు. ఈ మనవలకు అది చక్కగా వచ్చు. తాతల భాషే రాదు.

తేదీల్లో పలెస్తీనో

1920 - ఒసోర్నోలో స్థాపన
1952 - ప్రొఫెషనల్ ప్రవేశం, రెండో శ్రేణి లీగ్ విజేత
1955 - మొదటిసారి దేశ ఛాంపియన్
1972 - రెండో శ్రేణి గెలిచి తిరిగి పైకి
1975, 1977 - చిలీ కప్ విజేత
1978 - రెండోసారి దేశ ఛాంపియన్
1979 - కోపా లిబెర్తదోరెస్ సెమీఫైనల్ దశ
2014 - జెర్సీ అంకె వివాదం
2015 - 36 ఏళ్ళ తర్వాత మళ్ళీ లిబెర్తదోరెస్‌లో
2018 - మూడోసారి చిలీ కప్

తరగతిలో అడగండి

1. ప్రపంచ పటంలో బెత్లెహేము నుంచి బ్యూనస్ ఎయిరిస్ మీదుగా శాంటియాగోకు దారి గీయండి. దారిలో ఏ సముద్రాలు, ఏ పర్వతాలు వస్తాయి?
2. అరబ్బీలో లేని ‘ప’ వల్ల ‘పైసానో’ ‘బైసానో’ అయింది. మీ ఊళ్ళో చుట్టూ ఉన్న భాష ప్రభావంతో మన తెలుగులో మారిన మాటలు ఏవి? ఇంట్లో అవ్వనో తాతనో అడిగి అయిదు రాసుకురండి.
3. పలెస్తీనో జట్టులో పాలస్తీనా మూలాలు లేని ఆటగాళ్ళే ఎక్కువ. అయినా ఆ జట్టు ఆ సమాజానిదే అని ఎందుకు అంటారు? మీ అభిప్రాయం చెప్పండి.